దండ వెయ్యని ఫోటో: ఓజు సినిమాల్లో రాని కొడుకు, మన ఇళ్ళల్లో రంగం వెళ్ళినవాళ్ళు

బరంపురంలో మా పాత ఇంటి వీధిగదిలో గోడకి వరసగా ఫోటోలుండేవి. పోయినవాళ్ళ ఫోటోలకి గంధపు చెక్క దండలుండేవి. ఒక్క ఫోటోకి మాత్రం దండ లేదు. అందులో ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రాడు, నల్లకోటు, నుదుట చిన్న బొట్టు. మా తాతయ్యకి తమ్ముడు. "చిన్నతాత ఏరి?" అని అడిగితే మామ్మ ఒకటే మాట చెప్పేది: "రంగం వెళ్ళారు." పోయారు అని కాదు, వెళ్ళారు అని. నా చిన్నతనంలో, 1970ల్లో కూడా అదే మాట. అప్పటికి ఆయన వెళ్ళి ముప్ఫై అయిదేళ్ళు దాటింది.

ఆ ఫోటో సంగతి నేను చాలా ఏళ్ళు మర్చిపోయాను. మళ్ళీ గుర్తు చేసినవి రెండు జపాన్ సినిమాలు. రెండూ యసుజిరో ఓజు తీసినవే. ఒకటి 1951లో వచ్చిన "బకుషూ", ఇంగ్లీషులో "అర్లీ సమ్మర్" అంటారు. రెండోది 1953లో వచ్చిన "టోక్యో స్టోరీ". వీటిలో తుపాకీ కనిపించదు, బాంబు పడదు, గట్టిగా అరిచేవాళ్ళు కూడా లేరు. కానీ యుద్ధంలో మనిషిని పోగొట్టుకున్న ఇల్లు ఎలా ఉంటుందో ఇంత సరిగ్గా చూపించిన సినిమా నేను ఇంకొకటి చూడలేదు.

తెరమీదకి రాని కొడుకు

రెండు సినిమాల్లోనూ ఇంట్లో రెండో కొడుకు పేరు షోజి. రెండింటిలోనూ యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. రెండింటిలోనూ ఒక్కసారి కూడా మనిషిగా తెరమీద కనిపించడు. రెండింటిలోనూ తల్లి వేషం వేసింది ఒకే నటి, చియెకో హిగాషియామా. రెండింటిలోనూ సెట్సుకో హారా పాత్ర పేరు నోరికో. కథలు వేరు, కుటుంబాలు వేరు. అయినా ఒకదాని తర్వాత ఒకటి చూస్తే ఒకే తల్లి రెండేళ్ళలో ఎంత దూరం నడిచిందో చూసినట్టుంటుంది.

"బకుషూ"లో ఆ తల్లి ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. రేడియోలో తప్పిపోయినవాళ్ళ వివరాలు చదివే కార్యక్రమం వస్తే వింటుంది. తండ్రి ఆశ వదిలేసుకున్నాడు. వాడిక రాడు అని మెల్లగా అంటాడు. ఆవిడ వాదించదు, ఒప్పుకోదు కూడా. బయట మగపిల్లల పండగకి కట్టిన చేపల జెండాలు గాలికి ఎగురుతుంటాయి. అంతే ఆ సన్నివేశం.

అదే సినిమాలో నోరికో షోజికి చెల్లెలు. ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఇంకా పెళ్ళి చేసుకోలేదని ఇంట్లో అందరికీ దిగులు. మంచి సంబంధం ఒకటి వస్తుంది. ఆమె మాత్రం దాన్ని కాదని, భార్య పోయి ఒక చిన్నపిల్లతో ఉన్న పక్కింటి డాక్టర్‌ని చేసుకుంటానంటుంది. అతను షోజికి చిన్ననాటి స్నేహితుడు. షోజి చైనా యుద్ధం నుంచి రాసిన ఉత్తరం, అందులో పెట్టి పంపిన గోధుమ కంకి అతని దగ్గర ఉన్నాయి. ఆ ఉత్తరం నాకిస్తావా అని నోరికో అడుగుతుంది. ఆమె ఆ పెళ్ళి ఎందుకు ఒప్పుకుందో సినిమా విడమరిచి చెప్పదు. కానీ మనకి తెలుస్తుంది. బకుషూ అంటే ఆ పైరు కోతకొచ్చే కాలం. సినిమా చివర ఇల్లంతా చెల్లాచెదురై, ముసలివాళ్ళు యమాతో ప్రాంతంలోని సొంతూరు చేరతారు. ఎదురుగా పండిన పైరు, గాలికి కదులుతూ ఉంటుంది.

"టోక్యో స్టోరీ" కథ మన తెలుగు ఇళ్ళల్లో చాలామందికి చెప్పకుండానే తెలుసు. ఒనోమిచి అనే సముద్రపు రేవు ఊర్నుంచి ముసలి దంపతులు, షుకిచి, తోమి, టోక్యోలో ఉన్న పిల్లల్ని చూడ్డానికి వస్తారు. పెద్దకొడుకు డాక్టరు, తీరిక లేదు. కూతురు బ్యూటీ పార్లరు నడుపుతుంది, ఆమెకీ తీరిక లేదు. ఖర్చు పెట్టి మరీ వాళ్ళని ఆతామి అనే వేడినీటి బుగ్గల ఊరికి పంపించేస్తారు. ఆఫీసుకి సెలవు పెట్టి ఊరు చూపించేది కోడలు నోరికో ఒక్కతే. ఆమె షోజి భార్య. షోజి పోయి ఎనిమిదేళ్ళయింది.

నోరికోది ఒక్కటే గది. బీరువా మీద షోజి ఫోటో. అత్తమామలు దాన్ని దగ్గరగా చూస్తారు. ఎక్కడ తీసింది, ఎప్పుడు తీసింది అని అడుగుతారు. మెడ కొంచెం పక్కకి వాల్చడం వాడి అలవాటు కదా అనుకుంటారు. పక్కింట్లో అడిగి తెచ్చిన సాకే పోస్తుంది కోడలు. షోజి తాగి అర్ధరాత్రి స్నేహితుల్ని ఇంటికి తెచ్చిన సంగతులు చెప్పుకుని నవ్వుకుంటారు. మనం కార్యం అయ్యాక పదకొండో రోజు రాత్రి కూర్చుని పోయినవాళ్ళ అల్లరి చెప్పుకుని నవ్వుకుంటామే, అచ్చంగా అలాగే.

తర్వాత ఒక రాత్రి తోమి ఆ గదిలోనే, కొడుకు పరుపు మీద పడుకుంటుంది. నువ్వు ఇంకా చిన్నదానివి, వాణ్ణి మర్చిపోయి మళ్ళీ పెళ్ళి చేసుకో అని కోడలికి చెబుతుంది. మొదటి సినిమాలో రేడియో దగ్గర కూర్చున్న తల్లి నోటి వెంట ఈ మాట రావడానికి ఎంత కష్టపడిందో ఆలోచించండి.

ఓజు చూసిన యుద్ధం

ఓజు ఇంట్లో కూర్చుని ఊహించి తీసిన సినిమాలు కావివి. ఆయన 1903 డిసెంబరు 12న టోక్యోలో పుట్టాడు, సరిగ్గా అరవై ఏళ్ళకి, 1963 డిసెంబరు 12న పోయాడు. 1937 సెప్టెంబరులో సైన్యంలోకి పిలుపొచ్చి చైనా వెళ్ళాడు. 1939 దాకా అక్కడే ఉన్నాడు. ఆయనకి ఇష్టమైన స్నేహితుడు, మంచి దర్శకుడు సదావొ యమానక, అదే యుద్ధంలో 1938లో జబ్బుచేసి మిలిటరీ ఆస్పత్రిలో చనిపోయాడు. అప్పటికి అతనికి ఇరవై ఎనిమిదేళ్ళు.

ఇక్కణ్ణుంచి కథ మన వైపుకి తిరుగుతుంది. 1943లో జపాన్ సైన్యం ఓజుని సింగపూర్ పంపించింది. సుభాష్ చంద్రబోస్ పోరాటం మీద, భారత స్వాతంత్ర్యం మీద ఒక సినిమా తియ్యమన్నారు. ఆ సినిమా పూర్తి కాలేదు. యుద్ధం ఓడిపోయే సమయానికి తీసిన కాస్తా కాల్చేశారు. ఈలోగా ఆయన సింగపూర్‌లో పట్టుబడ్డ అమెరికన్ సినిమాలు చూస్తూ కాలం గడిపాడు. ఓడిపోయాక అక్కడే నిర్బంధ శిబిరంలో ఉండి, 1946 ఫిబ్రవరిలో ఇంటికి చేరాడు. ముందు ఓడలో వెళ్ళే చీటీ తనకే వచ్చినా, నేను తర్వాత వెళతాలే అని ఇంకొకరికి ఇచ్చాడని చెబుతారు.

ఆయన సింగపూర్‌లో ఉన్న 1943లోనే, అక్కడికి ఉత్తరాన సయాం–బర్మా రైలుమార్గం కట్టిస్తోంది జపాన్ సైన్యం. 415 కిలోమీటర్ల దారి. దాని మీద 60,000 మందికి పైగా యుద్ధఖైదీలతో పాటు, మలయా రబ్బరు తోటల నుంచి తీసుకెళ్ళిన వేలాది తమిళ, తెలుగు కూలీలూ పనిచేశారు. ఖైదీల్లో 12,000 మందికి పైగా పోయారు. వాళ్ళకి కాంచనబురిలో పేర్లు చెక్కిన సమాధులున్నాయి. కూలీలు అంతకు ఎన్నో రెట్లు పోయారు. వాళ్ళలో చాలామందికి పేరు రాసిన రాయి కూడా లేదు.

ఓజు సినిమాలు ఈ సంగతి చెప్పవు. జపాన్ సైన్యం చైనాలో, బర్మాలో, మలయాలో ఏం చేసిందో వాటిలో కనబడదు. తమ ఇంట్లో పోయినవాణ్ణి తలుచుకుంటారు తప్ప, వాడు ఎవరి ఇల్లు ముంచాడో అడగరు. ఇది లోటే. దాన్ని దాచిపెట్టి మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసినవి కూడా జపాన్ విమానాలే. అయినా ఆ ముసలి తల్లి ఏడుపు అబద్ధం కాదు. రెండూ నిజమే అని ఒప్పుకుని చూస్తేనే ఈ సినిమాలు మనకి అర్థమవుతాయి.

ఖాళీ పెట్టెలు

ఆ తల్లి ఎదురుచూపు పిచ్చి ఆశ కాదని కూడా తెలుసుకోవాలి. యుద్ధం అయ్యాక దాదాపు 6 లక్షల మంది జపాన్ సైనికుల్ని సోవియట్ వాళ్ళు సైబీరియా పట్టుకుపోయారు. వాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తిరిగొచ్చారు. చివరి బృందాలు 1956 దాకా వచ్చాయి. మైజురు రేవులో ఓడ వచ్చినప్పుడల్లా తల్లులు వచ్చి నిలబడేవారు. రేడియోలో ఆచూకీ కార్యక్రమం 1946లో మొదలై 1962 దాకా నడిచింది. అంటే 1951లో "బకుషూ" చూసిన ప్రేక్షకుల్లో, ఇంటికెళ్ళి అదే రేడియో పెట్టుకున్నవాళ్ళు ఎంతోమంది ఉండి ఉంటారు.

మిగతా ఇళ్ళకి తెల్లగుడ్డ చుట్టిన చెక్కపెట్టె వచ్చేది. చాలా పెట్టెల్లో అస్థికలుండేవి కావు. పేరు రాసిన చీటీయో, ఒక రాయో ఉండేది. దేశం బయట పోయిన 24 లక్షల మందిలో సుమారు 11 లక్షల మంది అస్థికలు ఇప్పటికీ ఇంటికి చేరలేదని జపాన్ ప్రభుత్వం లెక్క. చూడని చావుని నమ్మడం ఎలా? ఓజు రెండు సినిమాలకీ వెనకాల ఉన్న ప్రశ్న అదే. అందుకేనేమో, "టోక్యో స్టోరీ"లో తల్లి తోమి చనిపోయే క్షణం కూడా ఆయన చూపించడు. జబ్బుగా పడుకున్న మనిషిని చూస్తాం, తర్వాత ముఖాన తెల్లగుడ్డ చూస్తాం. మధ్యలో జరిగింది మనమే పూర్తిచేసుకోవాలి.

రంగం దారి

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. రంగం అంటే గంజాం, శ్రీకాకుళం, విశాఖ వైపు ఇళ్ళల్లో రంగూన్‌కీ, మొత్తం బర్మాకీ కూడా అదే పేరు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా మా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. గోపాలపూర్ రేవు నుంచి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి స్టీమర్ల మీద మనవాళ్ళు రంగం వెళ్ళేవారు. బియ్యం మిల్లుల్లో, ఓడరేవులో మోత పని, రిక్షా లాగడం, గుమాస్తాగిరీ. యానాం దగ్గర కోరంగి రేవు పేరు మీద బర్మా వాళ్ళు మన తెలుగువాళ్ళందర్నీ కోరంగీలు అనేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె దగ్గర మొదలైన గొడవ, పెద్ద అల్లర్లుగా మారి ఎంతోమంది మనవాళ్ళ ప్రాణాలు తీసింది. అయినా వెళ్ళడం ఆగలేదు. ఇక్కడ పొలం లేదు, అక్కడ కూలి ఉంది.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న ఊరు జపాన్ వశమైంది. ఆ నెలల్లో 4 లక్షల మందికి పైగా భారతీయులు నడిచి బయల్దేరారు. కొందరు అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు, కొందరు తాము మీదుగా ఇంఫాల్, అక్కణ్ణుంచి డిమాపూర్ వైపు, ఆఖర్న వెళ్ళినవాళ్ళు హుకాంగ్ లోయ మీదుగా లీడో వైపు. దారిలో కలరా, మలేరియా, విరేచనాలు, తర్వాత వానలు. ఎంతమంది దారిలో పోయారో సరైన లెక్క ఎవరూ కట్టలేదు. పదివేల నుంచి లక్ష దాకా రకరకాలుగా చెబుతారు. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో, సమాధి లేని సుమారు 27,000 మంది సైనికుల పేర్లు స్తంభాల మీద చెక్కారు. వాళ్ళలో మన సైన్యంవాళ్ళు చాలామంది ఉన్నారు. దారిలో కూలబడ్డ మిల్లు గుమాస్తాకి, రేవు కూలీకి ఏ స్తంభమూ లేదు. గోడమీద ఫోటో ఉంటే ఉంది, లేకపోతే లేదు.

మా చిన్నతాత 1938లో వెళ్ళారు. బియ్యం మిల్లులో గుమాస్తా. చివరి మనియార్డరు 1941 నవంబరులో వచ్చింది. అంతే.

ఇద్దరు ఆడవాళ్ళు

ఆయన తల్లి, మా తాతమ్మ, పోస్టుమేన్ వేళకి అరుగు మీద కూర్చునేది. దేహం దొరకనివాళ్ళకి పన్నెండేళ్ళు చూసి, దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే పద్ధతి మనలో ఉంది కదా. 1954లో పురోహితుడుగారు ఆ మాట ఎత్తారట. "నా కొడుకు బతికుండగా బొమ్మ కాలుస్తావా?" అని తాతమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయిందట. మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. 1961లో ఆవిడ పోయేదాకా అదే మాట.

ఆయన భార్యని మేం చిన్నమామ్మ అనేవాళ్ళం. పెళ్ళయిన ఏడాదికే ఆయన ఓడెక్కారు. కర్మ జరగలేదు కాబట్టి బొట్టు ఉంది, గాజులున్నాయి. శ్రావణ శుక్రవారం పేరంటానికి కొందరు పిలిచేవారు, కొందరు పిలిచేవారు కారు. పిలిస్తే తప్పో, పిలవకపోతే తప్పో వాళ్ళకీ తెలియదు. పిలిచినచోటికి వెళ్ళేది, పిలవనిచోటి గురించి మాట్లాడేది కాదు. వెనక గదిలో కూర్చుని అప్పడాలు ఒత్తి అమ్మేది. ఆ డబ్బుతో మాకు దసరాకి బట్టలు కొనేది.

"టోక్యో స్టోరీ" చివర్లో నన్ను కదలకుండా కూర్చోబెట్టిన సన్నివేశం ఒకటుంది. తోమి పోయాక, వేరే ఊళ్ళలో ఉండే కన్నపిల్లలు ఎవరి ఊరు వాళ్ళు వెళ్ళిపోయాక, నోరికో ఇంకొన్నాళ్ళు ఉంటుంది. మామగారు ఆమెని మెచ్చుకుంటారు. నువ్వు మంచిదానివి, మళ్ళీ పెళ్ళి చేసుకో అంటారు. అప్పుడు నోరికో, మీరనుకున్నంత మంచిదాన్ని కాదు నేను అంటుంది. షోజి రోజూ గుర్తు రాడని, అసలు తలుచుకోని రోజులే ఎక్కువని, ఇలా ఒంటరిగా ఎన్నాళ్ళు అని రాత్రుళ్ళు భయమేస్తుందని, మనసులో ఎక్కడో ఏదో జరగాలని ఎదురుచూస్తున్నానని చెప్పేస్తుంది. మామగారు కోప్పడరు. నువ్వు దాచుకోకుండా నిజం చెప్పావు అంటారు. తోమి గడియారం ఆమె చేతిలో పెడతారు.

ఆ మాటలు విన్నాక నాకు చిన్నమామ్మ గుర్తొచ్చింది. తాతమ్మ ఎదురుచూపు గురించి మా ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు. ఎంత తల్లి ప్రేమ, ఎంత నమ్మకం అని. నిజమే. కానీ ఆ నమ్మకం ఖర్చు భరించింది ఎవరు? ఇటు పుణ్యస్త్రీ కాదు, అటు వితంతువు కాదు. బొమ్మ కాల్చి ఉంటే బొట్టు పోయేది, కాల్చలేదు కాబట్టి జీవితం అక్కడే ఆగిపోయింది. మళ్ళీ పెళ్ళి చేసుకోమ్మా అని మా ఇంట్లో ఎవరూ అనలేదు. నీకు ఏం కావాలి అని కూడా అడగలేదు. నేనూ అడగలేదు. ఆవిడ పోయేనాటికి నాకు పదిహేడేళ్ళు, అడగొచ్చని తెలిసే వయసే.

1983లో ఆవిడ పోయింది. పసుపు కుంకుమలతో పంపించాలా వద్దా అని వీధిలో పెద్దవాళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు. మామ్మ కాసేపు విని, లేచి లోపలికెళ్ళి కుంకుమ భరిణె తెచ్చింది. ఎవరినీ అడగలేదు. "ఇన్నేళ్ళూ పెట్టుకుంది. ఇవాళ తియ్యడానికి మీరెవరు?" అంది. అంతే, అందరూ ఊరుకున్నారు.

మీ ఇంట్లోనూ ఉండొచ్చు

ఓజు సినిమాల్లో ఏ ఇల్లూ పూర్తిగా తేరుకోదు. ఎదురుచూసిన తల్లి తప్పు చేసిందనీ అనడు, మర్చిపోతున్న భార్య తప్పు చేసిందనీ అనడు. ఒకే మనిషి కోసం ఒకే ఇంట్లో ఇద్దరు రెండు రకాలుగా బాధపడతారని, రెండింటికీ చోటు ఇవ్వాలని చూపిస్తాడు. మా ఇంట్లో ఒకదానికే చోటు దొరికింది.

యానాంలో, బరంపురంలో, పర్లాకిమిడిలో, మద్రాసులో ఉన్న మన పాత తెలుగు ఇళ్ళల్లో రంగం వెళ్ళి రానివాళ్ళు ఒకరో ఇద్దరో తప్పకుండా ఉంటారు. మలయా వెళ్ళినవాళ్ళూ ఉంటారు. మీ ఇంట్లో ఎనభై దాటినవాళ్ళుంటే ఈ ఆదివారమే కూర్చుని అడగండి. ఏ రేవులో ఓడెక్కారు, ఏం పని, ఆఖరి ఉత్తరం ఎప్పుడొచ్చింది, కర్మ చేశారా లేదా. ఆ తర్వాత ఇంకో ప్రశ్న కూడా అడగండి: ఆయన భార్య ఏమైంది? ఆవిడ పేరేమిటి? మొదటి ప్రశ్నలకి జవాబులు బాగానే వస్తాయి. చివరి ప్రశ్న దగ్గర ఆగిపోతారు. ఆగిపోయినచోటే రాసుకోండి.

పాత ఇల్లు అమ్మేశాక చిన్నతాత ఫోటో నా దగ్గరికి వచ్చింది. ఇప్పటికీ దండ వెయ్యలేదు, అది తాతమ్మ మాట. కానీ దాని పక్కన చిన్నమామ్మ ఫోటో పెట్టాను. ఆవిడకి అదొక్కటే ఫోటో, మా అక్క పెళ్ళిలో వెనక వరసలో నిలబడి ఉంటే అందులోంచి తీయించింది. దానికి మాత్రం దండ వేశాను.